కడుపులోని తోట



మన యిండ్లలో బిడ్డ బొద్దుగా నున్నచో దిష్టి తీయుదుము. సన్నగా నున్నచో తల్లిని తప్పు పట్టుదుము. ఇందుకు కారణము లేకపోలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియగుటకు మునుపు గోదావరిసీమ కరవులను, ఉప్పెనలను చవిచూచినది. ఆకలి నెరిగిన తరములవారికి బిడ్డ బుగ్గలోని కొవ్వు భాగ్యచిహ్నముగా తోచినది.

ఇప్పుడు కాలము మారినది. జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, మన దేశమున అయిదేండ్లలోపు పిల్లలలో అధికమైన బరువు గలవారు 2015–16లో నూటికి 2.1 వంతు, 2019–21లో 3.4 వంతు. చిన్న సంఖ్యయే, కాని పెరుగుచున్న సంఖ్య. బాల్యమున చేరిన స్థూలత్వము పెద్దతనమున మధుమేహమునకు, గుండెజబ్బునకు దారితీయగలదు. తిండి మితిమీరుట, ఆట తగ్గుట యిందుకు ముఖ్యకారణములు. వీనికి తోడుగా మన ప్రేగులలో కాపురముండు సూక్ష్మజీవులకును ఇందు పాత్ర కలదని శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. ఈ జీవుల చరిత్రలో మన పొరుగుసీమ బిడ్డ యొకని పేరు వినవచ్చును.

రాజోలు దాటి, వశిష్ఠ గోదావరి కావలి యొడ్డుకు పోయిన నరసాపురము. మరికొంత దూరమున భీమవరము. ఆ భీమవరమున 1895 జనవరి 12న ఎల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. కాశిలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బాల్యమున ఇల్లు విడిచి బయలుదేరిన సాహసి వారు. వారి సోదరు లిద్దరు కొద్దిదినముల వ్యవధిలో మృతిచెందిరి. తిన్నది వంటబట్టనీయని గ్రహణిరోగము ఆ యింటిని పీడించినది. సుబ్బారావుగారికిని ఆ జబ్బు చేయగా, ఆయుర్వేదమున ప్రసిద్ధులైన ఆచంట లక్ష్మీపతిగారు నయము చేసిరి.

1923లో అమెరికా చేరిన సుబ్బారావుగారు తరువాత లెడర్లీ పరిశోధనాలయమునకు అధిపతులైరి. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది గ్రహణిరోగులకును, ఒక విధమగు రక్తహీనత గలవారికిని ఉపకరించినది. ఆ పరిశోధనలో తూనికరాయివలె పనిచేసినది లాక్టోబాసిల్లస్ కేసీ యను సూక్ష్మజీవి. పాల పదార్థములలోను, మనుష్యుని ప్రేగులలోను నుండు ఈ జీవి దేనిని తిని వృద్ధిపొందుచున్నదో చూచుచు ఆ సారమును పట్టుకొనిరి.

1948లో ఆ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ గారు ఆరియోమైసిన్ అను ఆంటీబయాటిక్ మందును వెలువరించిరి. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏండ్ల ప్రాయమున స్వర్గస్థులైరి. 1950లో వారి సంస్థవారే యగు జూక్స్, స్టోక్‌స్టాడ్ గార్లు ఒక వింతను ప్రకటించిరి. ఈ మందు కొద్దిగా కలిపిన మేత తిన్న కోడిపిల్లలు తక్కినవానికంటె త్వరగా బరువెక్కినవి! 1963లో ఇంగ్లండునందు, ఒంట సూక్ష్మజీవులే లేకుండ పెంచిన కోడిపిల్లలకు పెన్సిలిన్ పెట్టి చూడగా ఆ పెరుగుదల కానరాలేదు. అనగా మందు పనిచేసినది కోడిపై కాదు, కోడి కడుపులోని జీవులపైన. 2006లో అమెరికాలో జెఫ్రీ గోర్డన్ గారి బృందము, లావైన ఎలుకల ప్రేగులలోని జీవులను సూక్ష్మజీవులు లేని ఎలుకలలో ప్రవేశపెట్టగా, వానికి కొవ్వు అధికముగా చేరెను. ఎలుకకు చెల్లినదెల్ల బిడ్డకు చెల్లదు. అయినను ఆలోచింపవలసిన విషయమే.

ఈ జీవులకు ఆహారమేది? మనకు జీర్ణముకాని పీచు పెద్దప్రేగు చేరగా, అవి దానిని పులియబెట్టి కొన్ని ఆమ్లములను పుట్టించును. ఆ యామ్లములు ప్రేగుగోడను పోషించును. కడుపు నిండినదను సందేశము మెదడునకు చేరుటకును తోడ్పడును. మేలుచేయు జీవులను పెంచు ఇట్టి ఆహారమునకు 1995లో ప్రీబయోటిక్ అని పేరిడిరి. 2017లో ప్రకటితమైన కెనడా పరీక్షలో, 7 మొదలు 12 ఏండ్ల వయస్సుగల 42 మంది స్థూలశరీరులైన పిల్లలలో కొందరికి దినమునకు 8 గ్రాముల ఇన్యులిన్ జాతి పీచును 16 వారములు ఇచ్చిరి. అది తినని వారితో పోల్చిచూడగా వారి యొంటి కొవ్వు కొంత తగ్గినది. పరీక్ష చిన్నది, మేలును స్వల్పమే. దీనిని సంజీవని యనరాదు.

కొబ్బరి నీడన అరటి, కంద, పసుపు వేయు కోనసీమ రైతునకు ఈ సంగతి తేలికగా బోధపడును. పలు పైరులున్న తోట యెట్టిదో, పలు జీవులున్న ప్రేగును అట్టిదే. దానికి వలసిన యెరువు మన పెరటిలోనే యున్నది: నీరుల్లి, వెల్లుల్లి, పచ్చి అరటికాయ, కంద, చిక్కుడు, పప్పులు, ఆకుకూరలు. వండి చల్లార్చిన అన్నములో కొంత పిండి సులభముగా జీర్ణముకాని రూపము దాల్చి ఈ జీవులకు మేత యగును. కావున శుభ్రముగా మూతపెట్టి యుంచిన చద్దన్నమును చిన్నచూపు చూడరాదు. మరలో తెల్లగా పట్టిన బియ్యము తవుడుతో పాటు పీచును పోగొట్టుకొనును. ఆత్రేయపురపు పూతరేకు పండుగనాటికి చాలును. సీసాలలోని తీపి పానీయములను, పొట్లములలోని చిరుతిండ్లను నిత్యవ్రతము చేయరాదు.

ఆంటీబయాటిక్కులు ప్రాణము నిలుపు మందులు. వైద్యుడు వ్రాసినపుడు మానరాదు. వ్రాయనపుడు అంగడిలో కొనరాదు. లావైన బిడ్డను పస్తుంచరాదు, పదుగురిలో గేలిచేయరాదు. వైద్యునకు చూపి, ఇంటిల్లిపాది తిండిని సవరించుకొనవలెను.

ఇంటిలో మీ మాటకు విలువ కలదు. మనుమనికి మిఠాయిపొట్లము చేతికిచ్చుటకు బదులు, సాయంకాలమున వాని చేయిపట్టుకొని కాలువగట్టు వెంట నడువుడు. బిడ్డ బొద్దుతనమును కాక, వాని చురుకుదనమును చూచి దిష్టి తీయుడు.