ద్విచక్ర వాహనదారుల హక్కులు, బృందాలు: అనంతపురం ప్రాంతం, తెలుగునాడు

మోటార్‌సైకిల్ నడిపేవారు తమ బండి కోసం, అది తిరిగే దారి కోసం, దాని మీద నడిచే బతుకుతెరువు కోసం వేసిన కేసులు, చేసిన వాదనలు, కట్టుకున్న బృందాల చరిత్ర ఇది. అమెరికా, బ్రిటన్‌లలో దీనికి చందాలు, సభ్యత్వాలు ఉన్న ఉద్యమ రూపం వచ్చింది. తెలుగునాట మాత్రం ఇది ముక్కలు ముక్కలుగానే సాగింది. కోర్టుకెళ్లినవారు ఒకరు, క్లబ్బు పెట్టుకున్నవారు మరొకరు. బండి మీదే పొట్టపోసుకునేవారు ఈ రెండింటికీ దూరం.

పాశ్చాత్య దేశాల్లో గొడవ హెల్మెట్‌తో మొదలైంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1966 చట్టంతో రాష్ట్రాల మీద ఒత్తిడి తెచ్చి హెల్మెట్ నిబంధన పెట్టించింది. రైడర్ల సంఘాలు పట్టుబట్టగా 1976లో ఆ ఒత్తిడి తొలగింది, చాలా రాష్ట్రాలు నిబంధనను సడలించాయి. బ్రిటన్‌లో 1973లో హెల్మెట్ తప్పనిసరి కాగానే ‘మోటార్‌సైకిల్ యాక్షన్ గ్రూప్’ పుట్టింది. హెల్మెట్ పెట్టుకోనని, జరిమానా కట్టనని మొండికేసి పదేపదే జైలుకెళ్లిన ఫ్రెడ్ హిల్ అనే వృద్ధుడు 1984లో లండన్ పెంటన్‌విల్ జైల్లోనే చనిపోయాడు. అక్కడి రైడర్లు ఆయన్ను ఇప్పటికీ స్మరించుకుంటారు.

అదే వాదన మన దగ్గర హైదరాబాద్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనల్లోని 498-ఎ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. హైదరాబాద్ పోలీసు కమిషనర్ దాన్ని అమలు చేయబూనారు. ఇది రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన సంచార స్వేచ్ఛకు భంగమంటూ పిటిషన్ పడింది. 1988 ఆగస్టులో ‘అజయ్ కాను’ కేసుగా పేరుపడిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. హెల్మెట్ స్వేచ్ఛను హరించదని, ప్రయాణాన్ని క్షేమంగా సాగనిస్తుందని, ప్రజల మేలు కోసం తెచ్చిన చర్యను అడ్డుకునే ప్రాథమిక హక్కు ఎవరికీ ఉండదని చెప్పింది. అదే ఏడాది వచ్చిన మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ద్వారా ఈ నిబంధన దేశమంతటికీ వర్తించింది. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. ఆ తర్వాత తెలుగు రాష్ట్రాల్లో హెల్మెట్ వ్యతిరేకత ఉద్యమంగా మారలేదు. చలానా తప్పించుకునే నేర్పు మాత్రం బాగా పెరిగింది!

అనంతపురం పీఠభూమిలో బండి సరదా వస్తువు కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో సేద్యం నమ్ముకోలేక పాడి, కూలి, చిల్లర వ్యాపారం, బెంగళూరు వలస కలిపితేనే ఇల్లు గడుస్తుంది. వీటన్నిటికీ బండే ఆధారం. హోసూరు కేంద్రంగా 1980లో వచ్చిన టీవీఎస్ 50, తర్వాత దాని సంతతి ఎక్సెల్ పల్లెల్లో ఎద్దుల బండి చేసే పనులు కొన్ని అందుకున్నాయి. సీటు వెనక చెరోవైపు పాలక్యాన్లు, కాళ్ల దగ్గర దాణా మూట, హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్ తగిలించుకుని వెళ్లే ఎక్సెల్ ఇక్కడ ఏ ఊరి పొలిమేరలోనైనా కనిపిస్తుంది. ఆ మనిషి తనను ‘రైడర్’ అనుకోడు, ఏ క్లబ్బూ అతన్ని పిలవదు. ఈ చరిత్రలోని పెద్ద లోటు ఇదే.

క్లబ్బుల సంస్కృతి ఇక్కడికి ప్రధానంగా బెంగళూరు నుంచి వచ్చింది. మైసూరులో 1961 నుంచి 1996 వరకు తయారైన జావా, యెజ్డీ బండ్ల అభిమానులు ఏటా జులై రెండో ఆదివారం కలుసుకుంటారు. బుల్లెట్ బృందాలు సెలవు రోజు తెల్లవారకముందే 44వ జాతీయ రహదారి ఎక్కి, బాగేపల్లి దాటి, కొడికొండ దగ్గర లేపాక్షి వైపు మళ్లుతాయి. కొందరు పెనుకొండ, గుత్తి కోటలకు, మరికొందరు గండికోటకు సాగుతారు. ముందు దారి చూపే ‘లీడ్’, చివర ఎవరూ వెనకబడకుండా చూసే ‘స్వీప్’ వారి పద్ధతి. టోల్‌గేటు దగ్గర ఎడమ అంచున బండ్లకు వదిలిన ఇరుకు సందులో బుల్లెట్టూ పాలక్యాన్ల ఎక్సెలూ ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనల ప్రకారం రెండింటికీ టోల్ లేదు.

మహిళల వైపు చూస్తే 2011లో మొదలైన మహిళా రైడర్ల బృందం ‘బైకర్నీ’ పేరు చెప్పుకోవాలి. 2018లో జై భారతి అనే రైడర్ నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంలకు బండ్ల మీద వెళ్లొచ్చారు. వారిలో ఒకరైన పియా బహదూర్ ఆ ప్రయాణాన్ని పుస్తకంగా రాశారు. జై భారతి తర్వాత ‘మోవో’ సంస్థ ద్వారా మహిళలకు బండి నేర్పే పని చేపట్టారు. హక్కు అనే మాట వాడకుండానే హక్కు సాధించిన పని ఇది.

దారి హక్కు ఇప్పటి ప్రశ్న. హైదరాబాద్‌లో 2009లో తెరిచిన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ, ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికీ ద్విచక్ర వాహనాలను రానివ్వరు. బెంగళూరు–మైసూరు రహదారి ప్రధాన మార్గంలో 2023 ఆగస్టు 1 నుంచి అదే నిషేధం. కార్ల వేగంలో చిన్న బండికి ప్రమాదమన్నది అధికారుల మాట. పక్కన సరైన సర్వీసు రోడ్డు లేకుండా పొమ్మంటే ఎలా అన్నది రైడర్ల మాట. రెండో మాటలో బలం ఉంది. కొడికొండ నుంచే బయల్దేరే బెంగళూరు–కడప–విజయవాడ కొత్త రహదారి కారణంగా ఈ చర్చ అనంత పల్లెలకూ దగ్గరైంది.

బండికి మార్పులు చేసుకునే స్వేచ్ఛను 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా కుదించింది. తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా మార్చకూడదంది. శబ్దం పెంచిన సైలెన్సర్ల విషయంలో రైడర్లకు జనం సానుభూతి కూడా దొరకలేదు, దొరకనక్కర్లేదు కూడా. బతుకుతెరువు సంగతి వేరు. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఇచ్చిన ఆదేశంతో జూన్ 16 నుంచి బైక్ ట్యాక్సీలు ఆగాయి. బెంగళూరులో బండి నడిపి ఇంటికి డబ్బు పంపే సీమ కుర్రాళ్లకూ ఆ దెబ్బ తగిలింది.

ప్రాణాల లెక్కలో చూస్తే వాదన మళ్లీ హెల్మెట్ దగ్గరికే వస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 జూన్‌లో హెల్మెట్ నిబంధనను కచ్చితంగా అమలు చేయాలని ఆదేశించింది. జూన్–సెప్టెంబరు మధ్య హెల్మెట్ లేక 667 మంది చనిపోయారన్న లెక్క డిసెంబరులో ఆ కోర్టు ముందుకొచ్చింది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ ముద్ర లేని హెల్మెట్ల అమ్మకం నేరం. కొత్త బండితోపాటు హెల్మెట్ ఇవ్వాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 138(4)(ఎఫ్) చెబుతోంది. షోరూములో తాళాలు అందుకునే ముందే కొన్నవారు దాన్ని అడగవచ్చు.