క్లోమ క్యాన్సర్‌లో ఎర్లోటినిబ్ ప్రయోగము

ఎర్లోటినిబ్ (వ్యాపార నామము టార్సీవా) నోటి ద్వారా తీసుకొను క్యాన్సర్ మందు. ఇది కణములోని ఒక నిర్దిష్ట అణువునే లక్ష్యముగా చేసుకొని పనిచేయును. ముదిరిన క్లోమ క్యాన్సర్‌లో దీనిని పరీక్షించిన మూడవ దశ ప్రయోగమునకు పి.ఎ.3 అని పేరు. కెనడా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన క్లినికల్ ట్రయల్స్ బృందము దీనిని నిర్వహించినది. ఫలితములు 2007లో ప్రచురితమైనవి.

నేపథ్యము

క్లోమము జీర్ణాశయము వెనుక లోతుగా ఉండును. అందుచే ఇక్కడి క్యాన్సర్ చాలామందిలో శస్త్రచికిత్సకు వీలు దాటిన తరువాతనే బయటపడును. అట్టి రోగులకు 1990ల చివరి నుండి జెమ్‌సిటాబిన్ ఇంజెక్షన్ ప్రధాన చికిత్సగా ఉండెను. దానికి వేరొక మందును జోడించి చేసిన పెక్కు ప్రయోగములు విఫలమైనవి.

మందు పనిచేయు విధము

కణముల పైపొరలో ఇ.జి.ఎఫ్.ఆర్. అను గ్రాహకము ఉండును. దానికి పెరుగుదల సంకేతము అందినపుడు కణము విభజన చెందును. ఎర్లోటినిబ్ ఈ గ్రాహకపు లోపలి భాగమును అడ్డగించి సంకేతమును ఆపును.

ప్రయోగ పద్ధతి

మొత్తము 569 మంది రోగులు పాల్గొనిరి. అందరికీ జెమ్‌సిటాబిన్ ఇచ్చిరి. దానితోపాటు 285 మందికి ఎర్లోటినిబ్, 284 మందికి మందు లేని మాత్ర ఇచ్చిరి. ఎవరికి ఏది అందుచున్నదో రోగికి గాని, వైద్యునికి గాని తెలియనీయలేదు.

ఫలితములు

* మధ్యగత జీవితకాలము: ఎర్లోటినిబ్ వర్గములో 6.24 నెలలు, రెండవ వర్గములో 5.91 నెలలు.
* ఒక సంవత్సరము జీవించినవారు: 23 శాతము, 17 శాతము.

ఈ తేడా యాదృచ్ఛికము కాదని గణాంక శాస్త్రము ప్రకారము తేలినది. కాని మధ్యగత తేడా సుమారు 10 రోజులు మాత్రమే. ఎర్లోటినిబ్ తీసుకొన్నవారిలో చర్మముపై దద్దురులు, విరేచనములు ఎక్కువగా కనిపించినవి. దద్దురులు గట్టిగా వచ్చినవారు ఎక్కువ కాలము జీవించిరి. అయితే ఎక్కువ కాలము జీవించినవారికే దద్దురులు వచ్చుటకు వ్యవధి ఉండును గనుక, దీనినిబట్టి మందు గుణమును నిర్ణయింపలేము.

ఆమోదము, అనంతర పరిణామములు

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005 నవంబరులో ఈ జోడింపును ఆమోదించినది. కొద్ది రోజుల ఆయుష్షుకు దుష్ఫలితములను, ఖర్చును భరించుట తగునా అని వైద్యులలో చర్చ జరిగినది. క్లోమ క్యాన్సర్లలో 90 శాతమునకు పైగా కె-రాస్ జన్యువు మార్పు చెంది ఉండును. ఈ జన్యువు పని గ్రాహకము తరువాతి మెట్టులో జరుగును. కావున పైన ద్వారము మూసినను లోపల సంకేతము సాగుచునే ఉండును. మందు ప్రభావము స్వల్పముగా ఉండుటకు ఇది ఒక కారణమని భావింతురు.

2011లో నాలుగు మందుల ఫోల్ఫిరినాక్స్ చికిత్స మధ్యగత జీవితకాలమును 6.8 నుండి 11.1 నెలలకు పెంచినట్లు వెల్లడి అయినది. 2016లో ప్రచురితమైన ఎల్.ఎ.పి.07 ప్రయోగములో, క్లోమము పరిసరములకే పరిమితమైన దశలో ఎర్లోటినిబ్ వలన ప్రయోజనము కనిపించలేదు. క్రమముగా ఈ వ్యాధిలో దాని వాడకము తగ్గిపోయినది. గణాంకములలో తేలిన తేడా, రోగికి కలిగిన మేలు ఒకటే కావని చూపుటకు పి.ఎ.3 ఉదాహరణగా నిలిచినది.