పక్కింటి నిప్పు – బూట్ డిస్కు

అగ్గిపెట్టె కూడా దాచుకుని వాడుకునే రోజుల్లో పొయ్యి ఆరిపోతే, పిడక పట్టుకుని పక్కింటికెళ్ళి నిప్పు తెచ్చుకునేవాళ్ళట. మా బామ్మ చెప్పేది. సీడీ పెట్టి కంప్యూటర్ని బూట్ చెయ్యడమంటే నాకు అదే గుర్తొస్తుంది. పొయ్యి బానే ఉంది, కట్టెలున్నాయి, బియ్యమూ ఉన్నాయి. లేనిదల్లా నిప్పు. దాన్ని పొయ్యి తనంతట తాను పుట్టించుకోలేదు.

చిత్రమేమిటంటే, ఏళ్ళ తరబడి ఈ రంగంలో ఉన్నవాళ్ళు కూడా బయటి డిస్కు ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్న దగ్గర తడబడుతుంటారు. మనవాళ్ళకి తెలిసిన వైద్యం ఒకటే, "ఫార్మాట్ కొట్టేద్దాం". ఈ వైద్యం మింగేసిన పెళ్ళి ఫొటోలకీ ప్రాజెక్టు రిపోర్టులకీ లెక్కలేదు. అందుకే కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

నేను ఉక్కునగరంలో పెరిగినవాణ్ణి కనక ముందు బ్లాస్ట్ ఫర్నేస్ సంగతి. విశాఖ ఉక్కు మొదటి ఫర్నేస్ 'గోదావరి'ని వెలిగించింది 1990లో. 3,200 ఘనపు మీటర్ల కొలిమి అది. దాంట్లోకి ఊదే గాలిని ముందు స్టవ్‌లలో బాగా కాచాలి. ఆ స్టవ్‌లని మండించేది ఎక్కువగా ఆ ఫర్నేస్ నుంచే వచ్చే గ్యాసు. మరి మొట్టమొదటి రోజున ఆ గ్యాసు ఎక్కడిది? అది బయటినుంచి రావాల్సిందే. సాధారణంగా కోక్ ఓవెన్ల గ్యాసు వాడతారు. ఇక్కడ కోక్ ఓవెన్ల మొదటి బ్యాటరీ 1989లోనే మొదలైంది. ఆ ఓవెన్లనైనా మొదట బయటి ఇంధనంతోనే వేడెక్కించాలి. ఒకసారి వేడెక్కాక మళ్ళీ చల్లారనివ్వరు, చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగిలిపోతాయి. నడుస్తున్నంతసేపూ తన కాళ్ళమీద తాను నిలబడే వ్యవస్థకి కూడా మొదటి అడుగు మాత్రం అరువే.

కంప్యూటర్లదీ ఇదే కథ. 1969లో హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్ళు టీడీసీ-12 తయారుచేశారు. ఆ తరం చిన్న కంప్యూటర్లకి స్విచ్ వెయ్యగానే ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఆపరేటరు ముందున్న మీటలు పైకీ కిందకీ నొక్కుతూ ఓ బుల్లి ప్రోగ్రామ్‌ని చేత్తో ఎక్కించాలి. దానికి తెలిసిన విద్య ఒక్కటే, కాగితపు టేపు చదవడం. టేపులో అంతకంటే పెద్ద ప్రోగ్రామ్ ఉండేది. అలా ఒకటి ఇంకోదాన్ని లేపుకుంటూ పోవాలన్నమాట.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఆ మీటల పనిని రామ్‌లో కాదు, రోమ్‌లో పెట్టింది. అదే బయాస్. ఇది చాలా అమాయకపు జీవి. ఫ్లాపీయో హార్డ్ డిస్కో తీసుకుని మొదటి సెక్టారు, అంటే 512 బైట్లు, చదువుతుంది. చివరి రెండు బైట్లలో గుర్తు ఉందా లేదా చూస్తుంది (హార్డ్ డిస్కు దగ్గర ఈ పట్టింపు మరీ ఎక్కువ). ఉంటే పగ్గాలు దాని చేతికిచ్చి తప్పుకుంటుంది. అందులో విండోస్ ఉందో, లైనక్స్ ఉందో, వైరస్ ఉందో దానికి అనవసరం.

ఈ అమాయకత్వంలోనే మన ప్రశ్నకి జవాబుంది. బయాస్ తెర కనిపించి, ఆ తర్వాత విండోస్ లోగో దాకా వచ్చి పడిపోతోందంటే మొదటి నిప్పు అంటుకున్నట్టే. ముందు సేఫ్ మోడ్ చూడండి, సీడీ కోసం పరిగెత్తక్కర్లేదు. లోగో కూడా రాకుండా నల్లతెర మీద "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అని వస్తే అప్పుడు డిస్కు అవసరం పడొచ్చు. పడొచ్చు అని ఎందుకంటున్నానంటే, డ్రైవులో ఎవరో మర్చిపోయిన ఫ్లాపీ ఉన్నా అదే మెసేజ్ వచ్చేది! అప్పుడు కావలసింది డిస్కు పెట్టడం కాదు, తియ్యడం. అసలు బయాస్ తెరే రాకపోతే ప్రపంచంలో ఉన్న సీడీలన్నీ తెచ్చినా లాభంలేదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ కొన్ని మదర్‌బోర్డుల్లో బయాస్‌నే చెరిపేసింది. అక్కడ పక్కింటికి వెళ్ళడానికి కాళ్ళే లేవు.

వైరస్ అంటే గుర్తొచ్చింది. డిస్కు కావలసిన ఇంకో సందర్భం ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా. 1986లో లాహోరు నుంచి బయల్దేరిన 'బ్రెయిన్' ఫ్లాపీ బూట్ సెక్టారులో కాపురం పెట్టేది. సరే, సెక్టారు చదివి చూద్దామని అడిగితే, దాచిపెట్టిన పాత మంచి సెక్టారుని తెచ్చి చూపించేది. దొంగే పోలీస్ స్టేషన్లో కూర్చుని ఫిర్యాదు రాసుకుంటున్నట్టు. మెషీన్ నడుస్తూనే ఉంది, కానీ దాని మాట నమ్మడానికి లేదు. కాబట్టి కరెంటు పూర్తిగా ఆపి, రైట్ ప్రొటెక్ట్ చేసిన శుభ్రమైన ఫ్లాపీతో లేపి, బయటినుంచి చూడాలి.

సీడీల కథ సరదాగా ఉంటుంది. బయాస్‌కి సీడీ అంటే ఏమిటో తెలీదు. విండోస్ 95 సీడీ కొన్నవాళ్ళకి అది చదవడానికి ముందు డ్రైవరున్న ఫ్లాపీ కావలసొచ్చేది. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి దీనికో ఉపాయం రాశాయి: సీడీలో ఓ మూల ఫ్లాపీ బొమ్మని దాచి, బయాస్‌కి "ఇదిగో ఫ్లాపీ" అని చూపించడం. ఆ స్పెసిఫికేషన్ పేరు 'ఎల్ టొరిటో'. రాసినవాళ్ళు భోంచేసిన కాలిఫోర్నియా హోటలు పేరది అని చెప్తారు. మన జగదాంబ జంక్షన్లో టిఫిన్ చేస్తూ రాసుంటే దాని పేరు 'పెసరట్టు' అయ్యుండేది.

ఇది వచ్చాకే అసలు మార్పు వచ్చింది. 2000లో క్లాస్ నాపర్ మొదలుపెట్టిన నాపిక్స్ లాంటి లైవ్ సీడీలు హార్డ్ డిస్కుని ముట్టుకోకుండా మొత్తం లైనక్స్‌ని మెమరీలో నడిపేవి. సీడీ పెట్టడమంటే ఇన్‌స్టాల్ చెయ్యడమే అన్న లింకు తెగిపోయింది. దురదృష్టం ఏమిటంటే ఆ వార్త మన రిపేరు షాపులదాకా రాలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు కరెంటు పోయి స్టీల్ ప్లాంట్‌లో ఉత్పత్తి ఆగిపోయింది. అంత పెద్ద కర్మాగారాన్ని ఒక్క స్విచ్‌తో లేపడం కుదరదు. ఊళ్ళో ఇళ్ళలోనూ రోజుల తరబడి చీకటే. కరెంటు వచ్చాక మా పిన్ని వాళ్ళ పీసీ లేవలేదు. షాపతను చూసి "విండోస్ పోయిందండీ, ఫార్మాట్ చెయ్యాలి, డేటా ఆశ వదులుకోండి" అన్నాట్ట. బాబాయి పోయి అప్పటికి ఏడాది. ఆయన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. నేను సెలవు పెట్టుకుని వెళ్ళి ఉబుంటు డిస్కుతో లేపితే ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది బూట్ అయ్యేందుకు కావలసిన నాలుగు ఫైళ్ళు, అంతే. పిన్ని మానిటరు ముందు కుర్చీ వేసుకుని ఒక్కో ఫొటో కాపీ అవుతుంటే చూస్తూ కూర్చుంది. షాపతను అబద్ధం చెప్పలేదు, విండోస్ పోయిన మాట నిజమే. విండోస్ పోవడమూ డేటా పోవడమూ ఒకటే అనుకున్నాడు. ఖరీదైన తప్పు అదీ.

ఇప్పుడు సీడీ డ్రైవులున్న ల్యాప్‌టాపులు అరుదు, బయాస్ పోయి యూఈఎఫ్ఐ వచ్చింది, ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనుకుంటున్నారా? 2024 జులై 19 గుర్తు తెచ్చుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక చెడ్డ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. హైదరాబాదు ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సరిచేసే అప్‌డేట్ తొందరగానే వచ్చింది, కానీ దాన్ని తీసుకోవాలంటే మెషీన్ లేవాలి, లేస్తే కదా! చాలావాటిని సేఫ్ మోడ్‌లోకో యూఎస్‌బీ డిస్కుతోనో లేపి, ఒక్క ఫైలు చెరపాల్సొచ్చింది. ఒక్కో మెషీన్ దగ్గరికీ మనిషి నడిచి వెళ్ళి.

క్లౌడ్‌లో మరీ తమాషా. అక్కడ యూఎస్‌బీ గుచ్చడానికి సందే లేదు. పడిపోయిన సర్వరు డిస్కుని ఊడదీసి, ఆరోగ్యంగా ఉన్న పక్క సర్వరుకి తగిలించి, ఫైలు చెరిపి, మళ్ళీ తెచ్చి యథాస్థానంలో పెట్టారు. నిప్పు తేలేక పొయ్యినే పక్కింటికి మోసుకెళ్ళడం అన్నమాట. ఇంతా చేస్తే చాలా డిస్కులకి బిట్‌లాకర్ తాళం, 48 అంకెల రికవరీ కీ కొడితేగానీ తెరుచుకోదు. కొన్ని సంస్థల్లో ఆ కీలు దాచిన సర్వరు కూడా ఆ ఉదయమే నీలం తెర వేసుకుని కూర్చుంది.