కిక్ రాడ్ లేని జావా

స్నేహితుడి కొత్త జావా మీద విశాఖ నుంచి విజయనగరం వెళ్ళి మావయ్య ఇంటి ముందు ఆగాను. మావయ్య బండి చుట్టూ ఓసారి తిరిగి, ఎడమవైపు వంగి చూశాడు. "కిక్ రాడ్డేదిరా?"

"లేదు మావయ్యా. బటనే."

పాత జావాలో ఆ రాడ్డుది డబుల్ డ్యూటీ. కిక్ కొట్టి స్టార్ట్ చేశాక దాన్నే ముందుకు తిప్పితే గేర్ లివర్ అయ్యేది. గేర్ మారుస్తుంటే క్లచ్ కూడా దానంతటదే విడిపోయేది. తెలియనివాడు తాళం ఉన్నా బండి తీయలేడని మావయ్య ధీమా.

ఈ పేరుకీ ఇండోనేషియా దీవికీ సంబంధం లేదు. 1929లో చెకొస్లొవేకియాలో ఆయుధాల వ్యాపారి యానెచెక్, జర్మనీ కంపెనీ వాండరర్ నుంచి మోటార్‌సైకిల్ తయారీ హక్కులు కొన్నాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా (చెక్‌వాళ్ళు 'యావా' అంటారు). మన దగ్గర 1960ల్లో మైసూరులోని ఐడియల్ జావా వీటిని తయారుచేసింది. తర్వాత అవే యెజ్దీలయ్యాయి. 1996లో ఫ్యాక్టరీ మూతబడింది. 2018లో మహీంద్రా అనుబంధ సంస్థ క్లాసిక్ లెజెండ్స్ ఆ పేరుని మళ్ళీ రోడ్డెక్కించింది.

సీటెక్కి కూర్చుంటే కళ్ళముందంతా పాతకాలమే. గుండ్రటి హెడ్‌లైట్, ట్యాంకు మీద క్రోమ్, ఒక్క సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు. కదిలాక మాత్రం అచ్చంగా ఇప్పటి బండి: 293 సీసీ ఫోర్ స్ట్రోక్, ఆరు గేర్లు, ముందు డిస్క్ బ్రేక్. హైవే మీద హాయిగా సాగిపోయింది. అయితే నన్ను తికమక పెట్టినవి ఇంజన్ మీది ఫిన్లు. పాత ఇంజన్‌కి గాలి తగిలి వేడి తగ్గాలంటే అవి ఉండి తీరాలి. దీనికి రేడియేటర్ ఉంది, అయినా ఆ గీతలు ఉంచారు. ఎవరికోసం? మావయ్యకైతే కాదు, ఆయన వాటికేసి చూడనే లేదు. చిన్నప్పుడు ఆయన వెనక సీట్లో కూర్చుని, ఎప్పటికైనా ఇది నాదవుతుందని కలగన్న నాలాంటివాళ్ళ కోసమే అనుకుంటా. ఆ బండి నాదవలేదు. స్పేర్ పార్టులు దొరక్క పాత ఇనుము కింద పోయింది.

అప్పట్లో పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసేవాళ్ళు. నీలం పొగ. ఆ వాసన బట్టలకి పట్టేసిందని అత్తయ్య రోజూ సణిగేది.

"ఓ రౌండ్ కొట్టిరా మావయ్యా," అని తాళం ఇచ్చాను. రెండు వీధులు తిరిగొచ్చాడు. దిగి చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏం అంటలేదురా," అన్నాడు.