2025 ఐపీఎల్‌లో చెన్నై సూపర్ కింగ్స్

ఐదు సార్లు విజేత అయిన చెన్నై సూపర్ కింగ్స్ జట్టు 2025 ఇండియన్ ప్రీమియర్ లీగ్‌లో ఆడిన 14 ఆటలలో నాలుగు మాత్రమే గెలిచి, మొదటిసారిగా పట్టికలో అట్టడుగున నిలిచినది. ఆ వైఫల్యమే కొందరు యువ ఆటగాళ్ళకు అవకాశము కలిగించినది.

నేపథ్యము

మోచేతి ఎముక విరుగుట వలన సారథి రుతురాజ్ గైక్వాడ్ ఏప్రిల్‌లో వైదొలగగా, మహేంద్ర సింగ్ ధోని మరల నాయకత్వము స్వీకరించాడు. ఏప్రిల్ 30న పంజాబ్ కింగ్స్ చేతిలో ఓటమితో ప్లేఆఫ్ ఆశలు అడుగంటినవి.

యువ ఆటగాళ్ళు

షేక్ రషీద్: గుంటూరుకు చెందిన బ్యాట్స్‌మన్. 2022లో అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టుకు ఉపసారథి. చెన్నై జట్టులో రెండు సీజన్లు ఒక్క ఆటైనా ఆడకుండా వేచియుండి, 2025 ఏప్రిల్ 14న లక్నోపై తొలి ఆటలో 27 పరుగులు చేసాడు. ఐదు ఆటలలో మొత్తము 71 పరుగులు చేసిన పిదప జట్టులో చోటు కోల్పోయాడు.

ఆయుష్ మాత్రే: 17 ఏళ్ళ ముంబై బ్యాట్స్‌మన్. గైక్వాడ్ స్థానములో వచ్చి, మే 3న బెంగుళూరుపై 48 బంతులలో 94 పరుగులు చేసాడు. అయినను చెన్నై 2 పరుగుల తేడాతో ఓడినది.

డెవాల్డ్ బ్రెవిస్, ఉర్విల్ పటేల్: గాయపడిన వారి స్థానములలో సీజను మధ్యలో చేరారు.

చివరి ఆట

మే 25న అహ్మదాబాదులో, అప్పటికి పట్టికలో అగ్రస్థానమున ఉన్న గుజరాత్ టైటన్స్‌పై చెన్నై 230 పరుగులు చేసి, 83 పరుగుల తేడాతో గెలిచినది. బ్రెవిస్ 23 బంతులలో 57 పరుగులు చేసాడు.

2026 సీజనుకు మాత్రే, బ్రెవిస్, ఉర్విల్‌లను అట్టిపెట్టుకొనిన జట్టు రషీద్‌ను మాత్రము విడిచిపెట్టినది.