దంపతుల నడుమ దండము: గృహస్థ బ్రహ్మచర్యపు పూర్వచరిత్ర

వివాహముతో బ్రహ్మచర్యము ముగియునని లోకప్రతీతి. ఆపస్తంబ గృహ్యసూత్రము మాత్రము దాంపత్యమును బ్రహ్మచర్యముతోనే ఆరంభించుచున్నది. వివాహానంతరము మూడు రాత్రులు వధూవరులిరువురు నేలపై శయనింపవలెను, క్షారలవణములను వర్జింపవలెను, బ్రహ్మచర్యమును పాటింపవలెను. వారి శయ్యల నడుమ గంధము పూసి, వస్త్రముతోగాని సూత్రముతోగాని చుట్టిన దండమొకటి ఉండును. అది విశ్వావసువను గంధర్వునికి ప్రతీక. నాలుగవ రాత్రి చివరి భాగమున మంత్రపూర్వకముగా అతనిని లేపి, దండమును కడిగి పక్కన ఉంచిన పిదపనే సమాగమము.

తెలుగునాట వైదికులలో పెక్కుమంది తైత్తిరీయశాఖకు, ఆపస్తంబసూత్రమునకు చెందినవారు. కనుక ఇది పరాయి ఆచారము కాదు. ఒక్క పూటలో ముగియు నేటి పెండ్లిండ్లలో ఆ మూడు రాత్రులకు చోటెక్కడిది?

అదే సూత్రకారుని ధర్మసూత్రమున గృహస్థునకు ఋతుకాలమున భార్యాసమాగమము విహితము. అంతటితో ఆగక, నడిమి దినములందును భార్య ఇచ్ఛించినచో కలియవచ్చునని, దానికి బ్రాహ్మణవచనము ప్రమాణమని అందు కలదు. తైత్తిరీయసంహిత రెండవ కాండమున దీనికి మూలమైన కథ ఉన్నది. విశ్వరూపుని వధించిన ఇంద్రుడు తన బ్రహ్మహత్యాపాపమును మూడు భాగములు చేసి భూమికి, వృక్షములకు, స్త్రీలకు పంచినాడు. స్త్రీలు ఊరక స్వీకరింపలేదు. ఋతువువలన సంతానము కలుగవలెనని, ప్రసవపర్యంతము ఇచ్ఛానుసారము పతిసంగమము ఉండవలెనని వరము కోరి పొందినారు. యాజ్ఞవల్క్యస్మృతియు ఆ వరమును స్మరించియే, భర్త భార్య కోరికను అనుసరింపవచ్చునన్నది. నిగ్రహమును ఉపదేశించువారు ఈ వాక్యమును విడిచిపెట్టుట పరిపాటి. భర్త తానొక్కడే సంకల్పించి భార్యపై మోపిన వైరాగ్యమును ఈ శాస్త్రములు మెచ్చుకొనవు. ఋతుస్నాతయైన భార్యను ఉపేక్షించువానికి పరాశరస్మృతి భ్రూణహత్యాదోషమునే చెప్పినది.

ఇక మనువు లెక్క వేరు. ఋతువునకు 16 రాత్రులు. వానిలో మొదటి 4, పిమ్మట 11వది, 13వది నింద్యములు. మిగిలిన 10 రాత్రులలో 8 విడిచినవాడు ఏ ఆశ్రమమున ఉన్నను బ్రహ్మచారియే. ప్రశ్నోపనిషత్తు ఇంత గణితము చేయలేదు. పగటి సంగమము ప్రాణక్షయమని, రాత్రి సంగమము బ్రహ్మచర్యమేనని పిప్పలాదుడు తేల్చినాడు. బ్రహ్మచర్యశబ్దము ఇచ్చట సంయోగాభావమును గాక నియమబద్ధతను సూచించుచున్నది.

ఈ సమన్వయమునకు వెనుక పెద్ద వివాదమే కలదు. గార్హస్థ్యమొక్కటే ఆశ్రమమని, తక్కిన భేదములను ప్రహ్లాదపుత్రుడైన కపిలుడను అసురుడు కల్పించెనని బౌధాయన ధర్మసూత్రము పేర్కొన్నది. జాబాలోపనిషత్తు వైరాగ్యము కలిగిననాడే ఇల్లు విడువవచ్చునన్నది. అసురుని తెచ్చి నిందింపవలసి వచ్చినదన్నచో సన్న్యాసపక్షము అప్పటికే ఎంత బలపడియుండవలెను!

వీటన్నిటికంటె ప్రాచీనము ఋగ్వేదము మొదటి మండలములోని 179వ సూక్తము. ఆరే మంత్రములు. తపస్సులో మునిగిన అగస్త్యునితో లోపాముద్ర, ఏండ్ల తరబడి తాను శ్రమించితినని, జర శరీరకాంతిని హరించుచున్నదని, సత్యవ్రతులైన పూర్వఋషులును తపస్సునకు అంతము చూడలేదని, పతులు పత్నులను చేరవలెనని నిస్సంకోచముగా పలికినది. అనుక్రమణి ఆమెను ఆ మంత్రములకు ఋషిగా గణించినది. కడపటి మంత్రము అగస్త్యుని నిందింపలేదు. సంతానమును, బలమును కోరి శ్రమించిన ఆ ఉగ్రఋషి రెండు మార్గములను పోషించెనని కీర్తించినది.

చివరి రెండు మంత్రములు వారి శిష్యునివి. బృహద్దేవత చెప్పిన కథ ప్రకారము, ఆ బ్రహ్మచారి దంపతుల ఏకాంతసంభాషణము విన్నాడు. విన్నందుకు పాపము తగిలెనని భయపడి ప్రాయశ్చిత్తముగా ఆ మంత్రములు పలికినాడు. గురువును గురుపత్నియు అతనిని కౌగిలించుకొని, శిరస్సును మూర్కొని, నీవు నిష్పాపుడవు నాయనా అని చిరునవ్వు నవ్వినారట.