ఖర్జూరపు దీవిలో ‘ఎందుకు తింటారు?’ అన్న ప్రశ్న

1932 జూన్ 1న బహ్రెయిన్‌లోని జబల్ దుఖాన్ కొండ దగ్గర తవ్విన బావిలో చమురు పడింది. గల్ఫ్ అరబ్బు తీరాన దొరికిన మొదటి చమురు అదే. సరిగ్గా ఆ సంవత్సరమే న్యూయార్కులో రెన్సిస్ లైకర్ట్ అనే యువ పరిశోధకుడు మనుషుల వైఖరులను కొలిచే ఒక పద్ధతిని ప్రతిపాదిస్తూ తన సిద్ధాంతవ్యాసాన్ని ప్రచురించాడు. ఒక వాక్యం చదివి వినిపించి, దానితో పూర్తిగా ఏకీభవిస్తారా, కొంత ఏకీభవిస్తారా, ఎటూ చెప్పలేరా, విభేదిస్తారా, పూర్తిగా విభేదిస్తారా అని అడగాలి. జవాబుకు ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేయాలి. అంకెలన్నీ కూడితే ఆ మనిషి వైఖరి తేలుతుంది.

ఈ రెండు సంఘటనలకూ పరస్పరం ఏ సంబంధమూ లేదు. కానీ చమురు ఆ దీవి ప్రజల పళ్ళెంలోని అన్నాన్ని మార్చింది. ఆ మార్పుకు కారణమేమిటో తెలుసుకోవడానికి తరవాతి కాలపు ఆరోగ్యశాస్త్రం ఎంచుకున్న పనిముట్లలో ముఖ్యమైనది లైకర్ట్ కొలబద్ద. మనిషి పండ్లూ కూరగాయలూ ఎందుకు తింటాడు, ఎందుకు తినడు అన్న ప్రశ్నకు జవాబు ఆ మనిషి మనసులో దొరుకుతుందన్నది ఈ కొలతల వెనుక ఉన్న నమ్మకం. బహ్రెయిన్ ఆహారచరిత్రను దగ్గరగా చూస్తే ఆ నమ్మకం సగమే నిజమని తెలుస్తుంది.

పళ్ళు చెప్పిన సాక్ష్యం

మెసొపొటేమియా మట్టిపలకల మీద దిల్మున్ పేరుతో కనిపించే వర్తక రాజ్యానికి కేంద్రం బహ్రెయినేనని పురాతత్త్వవేత్తలు గుర్తించారు. పి. వి. గ్లోబ్ నాయకత్వాన డెన్మార్కు బృందం 1950లలో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. ఖలాత్ అల్-బహ్రెయిన్ దిబ్బలో బయటపడ్డ వాటిలో ‘మద్బసా’ అనే గదులు ఉన్నాయి. నేల మీద వరసగా కాలువల్లాంటి గాళ్ళు, వాటి చివర పాతిపెట్టిన కుండ. ఖర్జూరాల బస్తాలను ఆ గాళ్ళ మీద పేర్చితే వాటి బరువుకే పాకం కారి కుండలో చేరేది. ఇటువంటి గదులు క్రీస్తుకు పూర్వం రెండవ సహస్రాబ్ది మధ్యకాలం నాటికే అక్కడ వాడుకలో ఉన్నాయి.

ఆ దీవి సమాధుల్లో దొరికిన ఎముకలను పరిశీలించిన జూడిత్ లిటిల్టన్, బ్రూనో ఫ్రోలిక్‌లు 1993లో ఒక వ్యాసం ప్రకటించారు. గల్ఫ్ తీరపు పురాతన జనాల దంతాలను పోల్చి, చేపల మీద బతికినవారి పళ్ళు అరిగిపోయాయనీ, ఖర్జూరాలూ ధాన్యాలూ విరివిగా తిన్నవారి పళ్ళు పుచ్చిపోయాయనీ అందులో చూపించారు. ఒక రకంగా పండు తినడాన్ని కొలిచిన అతి పాత లెక్క ఆ పుచ్చుపళ్ళదే. అయితే ఏం తిన్నారో పళ్ళు చెబుతాయి, ఎందుకు తిన్నారో చెప్పవు.

ఆ దీవి విషయంలో జవాబు కష్టమైనది కాదు. ఉన్నదే తిన్నారు. బహ్రెయిన్ ఉత్తర తీరంలో నేల కింది నుంచి మంచినీళ్ళు ఊటలుగా ఉబికేవి. సముద్రం అడుగున కూడా ఊటలుండేవి. ఆ నీళ్ళ మీద ఖర్జూరపు తోటలూ, వాటి నీడన నిమ్మా దానిమ్మా ఆకుకూరలూ పెరిగాయి. వేసవిలో ‘రుతబ్’ అనే మెత్తని తాజా పండు, మిగతా కాలమంతా ‘తమర్’ అనే ఎండు పండు, వంటలోకి ‘దిబ్స్’ అనే పాకం. ఆ పాకంతో వండిన తియ్యని అన్నం ‘ముహమ్మర్’ను చేపతో కలిపి తినేవారు. ముత్యాల వేటకు వెళ్ళేవారికి బలమిచ్చే తిండిగా దానికి పేరు. ఇంటికి వచ్చిన అతిథి ముందు కాఫీతోపాటు ఖర్జూరం పెట్టాలి, రంజాను ఉపవాసం ఖర్జూరంతో విడవాలి. ఆకలి, ఆతిథ్యం, మతం, తోట: ఈ నాలుగింటిలో ఏది ‘ప్రేరణ’, ఏది ‘అలవాటు’ అని ఆనాడు విడదీసి అడిగినవారు లేరు.

మనసును కొలవవచ్చా?

విడదీసి అడగడం ఇరవయ్యవ శతాబ్దపు ఆలోచన. వైఖరులను కొలవవచ్చునని షికాగోలో ఎల్. ఎల్. థర్‌స్టన్ 1928లో ఒక వ్యాసం రాశాడు. లైకర్ట్ ఆ పనిని సులభం చేశాడు. రెండేళ్ళు గడవకుండానే ఆ ఉత్సాహానికి ఒక హెచ్చరిక వచ్చింది. రిచర్డ్ లాపియర్ ఒక చైనా దంపతుల జంటతో కలిసి అమెరికా అంతటా తిరిగాడు. రెండువందల యాభైకి పైగా హోటళ్ళలో, భోజనశాలల్లో ఒక్కచోట మాత్రమే వారిని కాదన్నారు. తరవాత అవే చోట్లకు ఉత్తరాలు రాసి చైనావారిని అనుమతిస్తారా అని అడిగితే, జవాబిచ్చినవారిలో నూటికి తొంభైమందికి పైగా అనుమతించం అన్నారు. 1934లో అతను ప్రకటించిన ఈ ఫలితం ఒక చేదు నిజం చెప్పింది. కాగితం మీది మాటా, గుమ్మం దగ్గర నడతా ఒకటి కావు.

తిండి విషయంలో ఈ చిక్కుముడిని గట్టిగా పట్టుకున్నది కర్ట్ లెవిన్. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వానికి సలహాలిచ్చేందుకు ఏర్పడిన ఆహారపు అలవాట్ల కమిటీకి మార్గరెట్ మీడ్ కార్యదర్శి. ఆ కమిటీ కోసం లెవిన్ అయోవాలో గృహిణులను ప్రశ్నించి 1943లో తన నివేదికను వెలువరించాడు. బల్ల మీదికి వచ్చినది చాలావరకు ఎవరో ఒకరు తినేస్తారు. కాబట్టి తినేవాడి ఇష్టం కన్నా ముందు, తిండి బల్ల దాకా ఏ దారిన వస్తోందో, ఆ దారిలోని గుమ్మాల దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో చూడాలని అతని వాదం. అంగడి ఒక దారి, పెరడు ఇంకొక దారి. గుమ్మం కాచేది చాలా ఇళ్ళలో ఇల్లాలు.

తరవాతి దశాబ్దాల పరిశోధన లెవిన్ గుమ్మాన్ని వదిలి మళ్ళీ తినేవాడి మనసులోకే వెళ్ళింది. మార్టిన్ ఫిష్‌బైన్, ఐసెక్ ఐజెన్‌లు 1975లో, ఐజెన్ ఒక్కడే 1991లో ప్రతిపాదించిన సిద్ధాంతాలలో వైఖరి, చుట్టూ ఉన్నవారి అభిప్రాయం, పని తన చేతిలో ఉందన్న భావన కలిసి ఉద్దేశాన్ని నిర్ణయిస్తాయి, ఉద్దేశం నడతను నిర్ణయిస్తుంది. 1995లో లండన్ పరిశోధకులు ఆండ్రూ స్టెప్టో, టెస్సా పొలార్డ్, జేన్ వార్డల్‌లు ఆహారపు ఎంపికపై 36 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. ఆరోగ్యం, మనోస్థితి, సౌకర్యం, రుచి, సహజత్వం, ధర, బరువు అదుపు, పరిచయం, నైతికత అని తొమ్మిది కారణాల కింద అవి విడిపోయాయి. అప్పటికి రోజుకు 400 గ్రాముల పండ్లూ కూరగాయలూ తినాలన్న లక్ష్యాన్ని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990 నాటి నివేదికలో పెట్టింది. ఎనభై గ్రాముల సర్వింగులు ఐదు అన్న లెక్క అక్కణ్ణుంచే జనంలోకి వెళ్ళింది.

ఊట ఎండిన తరవాత

ఈ లెక్కలు బహ్రెయిన్ చేరేనాటికి ఆ తోటల దీవి వేరే దీవి అయిపోయింది. మొదటి మలుపు నీటిదే. న్యూజీలాండుకు చెందిన ఫ్రాంక్ హోమ్స్ 1920లలో అక్కడ మంచినీటి బావులు తవ్వి మెప్పించి, ఆ పలుకుబడితోనే 1925లో చమురు హక్కు సంపాదించాడు. యంత్రంతో తవ్వే బావి వచ్చాక ఊటకు పోటీ మొదలైంది. జనాభా పెరిగింది, పంపులు పెరిగాయి. శతాబ్దం ముగిసేలోగా ప్రసిద్ధమైన ఊటలు ఎండిపోయాయి, భూగర్భజలంలోకి ఉప్పునీరు చొచ్చుకువచ్చింది. అధారీ ఊట గురించి బహ్రెయినీలకు ఒక సామెత ఉంది: దూరపువాళ్ళకు నీళ్ళిచ్చి దగ్గరివాళ్ళను ఎండగడుతుందని. చివరికి ఆ ఊట ఎవరికీ ఇవ్వలేని స్థితికి వచ్చింది.

తోట తగ్గిన కొద్దీ ఓడ పెరిగింది. భారతదేశంతో బహ్రెయిన్ వ్యాపారం పాతదే. 1965లో దీనారు వచ్చేదాకా ఆ బజారులో నడిచింది రూపాయే. బహ్రెయినీ అరబ్బీలో బంగాళదుంప ‘ఆలూ’, మామిడిపండు ‘హంబా’, ఊరగాయ ‘అచార్’. కూరగాయ ఎక్కడి నుంచి వచ్చిందో దాని పేరే చెబుతుంది. 1986లో సౌదీ అరేబియాను కలుపుతూ వంతెనదారి తెరుచుకున్నాక లారీలు కూడా వచ్చాయి. మరోవైపు ప్రభుత్వం చాలాకాలం మాంసానికీ, కోడికీ, గోధుమపిండికీ రాయితీ ఇచ్చింది. మాంసం మీది రాయితీని 2015 అక్టోబరులో ఎత్తివేసేదాకా పళ్ళెంలో ఏది చవకగా దొరకాలో కొంతవరకు ఖజానాయే నిర్ణయించింది. స్థూలకాయం, మధుమేహం ఆ సమాజంలో పెద్ద సమస్యలయ్యాయి.

కొలతలు అప్పుడు వచ్చాయి. ఆరోగ్య మంత్రిత్వశాఖ 1998-99లో వయోజనులపై జాతీయ పోషకాహార సర్వే జరిపింది. 2007లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ‘స్టెప్స్’ పద్ధతిలో దీర్ఘవ్యాధుల కారణాలపై సర్వే జరిగింది. మామూలు వారంలో ఎన్ని రోజులు పండు తింటారు, తిన్న రోజున ఎన్ని సర్వింగులు తింటారు అన్నది ఆ పద్ధతిలోని ప్రశ్న. కూరగాయలకూ అదే ప్రశ్న. బహ్రెయిన్ పోషకాహార శాస్త్రవేత్త అబ్దుల్‌రహ్మాన్ ముసైగర్, ఆయన సహచరులు అరబ్బు దేశాల యువతలో మంచి తిండికి ఏవేవి అడ్డమనిపిస్తున్నాయో అడిగారు. పాశ్చాత్య ఆహారపు పిరమిడ్‌కు బదులుగా అరబ్బు కట్టడాల గుమ్మటం ఆకారంలో ఆహారసూత్రాలను రూపొందించారు. పరాయి కొలత తమ పళ్ళేనికి సరిపోవడం లేదన్న గ్రహింపు ఆ గుమ్మటంలో ఉంది.

సరిపోని చోట్లు నిజంగానే ఉన్నాయి. స్టెప్స్ లెక్కలో బంగాళదుంప కూరగాయ కాదు. అందుచేత మనామా వీధుల్లో ఇష్టంగా తినే ‘ఆలూ బషీర్’ ఆ సర్వే కాగితంపై సున్నా. ఖర్జూరాన్ని కాఫీతో ఒకటి, పొద్దు కుంకాక మూడు అని తినేవాడికి అది సర్వింగు కాదు, మర్యాద. ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తినే ఇంట్లో ఎవరి వాటాకు ఎన్ని గ్రాముల కూర వెళ్ళిందో తిన్నవారికే తెలియదు. లండన్ ప్రశ్నావళిలోని తొమ్మిది కారణాల్లో ఆతిథ్యం లేదు, ఉపవాసం లేదు. దాన్ని అరబ్బీలోకి అనువదించవచ్చు కానీ, అడగని ప్రశ్నకు జవాబు అనువాదంలో పుట్టదు. పైగా ప్రశ్న అడిగేది ఆరోగ్యశాఖ మనిషి అయినప్పుడు, పండు మంచిదా అంటే ‘పూర్తిగా ఏకీభవిస్తాను’ అనడం పెద్దమనిషి తరహా. లాపియర్ హెచ్చరిక ఇక్కడ తలకిందులుగా వర్తిస్తుంది: కాగితం మీద అందరూ పండును ఆహ్వానిస్తారు, గుమ్మం దగ్గర కాదంటారు.

అడగని సగం

వీటన్నిటికన్నా పెద్ద లోటు ఇంకొకటి ఉంది. 1998-99 సర్వే తన పేరులోనే వయోజన బహ్రెయినీలకు పరిమితమైంది. 2010 జనగణనలో దేశ జనాభా 12 లక్షల 34 వేలు. అందులో 6 లక్షల 66 వేలు, అంటే సగానికి పైగా, ఇతర దేశాలవారు. వారిలో భారతీయులది పెద్ద సంఖ్య. ఆ భారతీయులలో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువారు ఉన్నారు.

ఒక గదిలో నలుగురైదుగురు కలిసి వంతులవారీగా వండుకునే కార్మికుణ్ణి, లేదా కంపెనీ మెస్సులో తినేవాణ్ణి తొమ్మిది కారణాల ప్రశ్నావళి ఏం అడగగలదు? అతనికి గోంగూర మీద ఉన్న వైఖరి నూటికి నూరు. చేతిలో ఉన్నది మాత్రం అన్నం, పప్పు, గుడ్డు. విమానంలో దిగిన ఆకుకూర కట్ట ధరను అతను ఇంటికి పంపాల్సిన సొమ్ముతో పోల్చి చూస్తాడు. ‘ధర’ అన్న గడిలో అతను వేసే టిక్కు ఆ పోలికను చెప్పదు. మెస్సులో తినేవాడికైతే ఆ గడి కూడా అక్కరలేదు, ఎంపిక గుత్తేదారు ఎప్పుడో చేసేశాడు.

తెలుగునేల మీద పెరిగిన మరో కొలత సంప్రదాయాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధనాకేంద్రం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరవాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థకూ అదే కేంద్రం. ఆ సర్వేలలో పరిశోధకులు పల్లెల్లో వంటింటి దాకా వెళ్ళారు. కొన్నిచోట్ల వంటసరుకులను తూకం వేశారు. మరికొన్నిచోట్ల ప్రామాణిక గిన్నెలు ముందుపెట్టి నిన్న ఎంత వండారు, ఎవరికి ఎంత పెట్టారు అని వండిన మనిషిని అడిగారు. అక్కడ ఏకీభవించడం, విభేదించడం లేవు, గిన్నె మాత్రమే ఉంది. ఆ పద్ధతికీ లోపాలున్నాయి. అది ఇష్టాన్ని పట్టుకోదు, మార్పుకు మనిషి ఎంత సిద్ధంగా ఉన్నాడో చెప్పదు. కానీ తెలిసో తెలియకో అది లెవిన్ చెప్పిన గుమ్మం దగ్గరే నిలబడింది.

మనసును కొలవడం వృథా అని దీని అర్థం కాదు. రుచి నచ్చని పిల్లవాడికి ధర తగ్గించి లాభం లేదు. ఇష్టపడే పేదవాడికి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. ఇద్దరినీ వేరుచేసి చూపేది మంచి ప్రశ్నావళే. ప్రమాదం ఎక్కడంటే, వైఖరి ఒక్కటే కొలిచినప్పుడు తప్పంతా తినేవాడి మీదికి పోతుంది. అప్పుడు మందు కూడా అతనికే: గోడపత్రిక, ఉపదేశం, ఐదు సర్వింగుల పాఠం.

బహ్రెయిన్ విధానాలు కొంత గుమ్మం వైపు తిరిగాయి. 2017 చివర శీతలపానీయాల మీద 50 శాతం ఎక్సైజు సుంకం వచ్చింది. 2019లో వ్యాట్ తెచ్చినప్పుడు ప్రాథమిక ఆహారపదార్థాలపై సున్నా రేటు ఉంచారు. బుదయ్యా ఉద్యానవనంలో చలికాలపు శనివారాలలో స్థానిక రైతులు తమ కూరగాయలను నేరుగా అమ్ముకుంటున్నారు. ఇవన్నీ ఇష్టాన్ని మార్చాలని చూడవు, ఇష్టానికి దారి వేస్తాయి. మిగిలిన పని కొలిచేవారిది. పండు ఎందుకు తినరని తినేవాణ్ణి అడిగే కాగితానికి ఇంకొక పుట చేర్చాలి. ఆ పుటలోని ప్రశ్నలు మెస్సు నడిపే గుత్తేదారుకు, టోకు వ్యాపారికి, రాయితీ లెక్క రాసే అధికారికి: ఈ వారం ఏం కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏది కొనలేదు, ఎందుకు?